వ్యాపారం ఎట్లుండాది

తొంభై రెండో సంవత్సరం ఎండాకాలంలో మా ఆయన బొంబాయి దాకా పోయి, తన వ్యాపారం బాగాలేదని తన నోటితోనే చెప్పి, వీసా పోగొట్టుకుని వచ్చాడు. ఈ సంగతి ఇప్పుడు చెబితే అందరూ నవ్వుతారు. ఆ రోజు మాత్రం నాకు నవ్వు రాలేదు.

పొద్దున్నే గుంతకల్లు బస్సు దిగి, బళ్ళారి బ్రూస్‌పేటలోని ఇంటికి నడుచుకుంటూ వచ్చాడు గురురాజ. చెప్పులు విడిచి, రెండు చెంబుల నీళ్ళు తాగి, సంచీలోంచి కాగితం తీసి నా చేతికిచ్చాడు. అది ఇంగ్లీషు కాగితమే గానీ, అందులో ఉన్నది తెలుసుకోవడానికి నా హైస్కూలు చదువు సరిపోయింది. దరఖాస్తుదారుడు తన ప్రస్తుత వ్యాపారం మందకొడిగా ఉందని స్వయంగా తెలిపాడు కాబట్టి మారిషస్‌లో కొత్త వ్యాపారం పెట్టుకోవడానికి వీసా ఇవ్వడం కుదరదు అని రాశారు.

"మీరేం చెప్పినారు ఆడ?" అని అడిగాను.

"ఏం చెప్తా? ఆ వీసా ఆఫీసరు వ్యాపారం ఎట్లుండాదని అడిగినాడు. ఏదో అట్లట్ల జరుగుతాండాది సార్ అన్నా."

"అంతేనా?"

"లాభం బాగా వస్తాండాదా అన్నాడు. యాడ సార్ లాభం, ఈగలు తోలుకుంటాండాం అన్నా."

ఇంటి వెనక గదిలో మావి ఎనిమిది కుట్టు మిషన్లు. పొద్దున మొదలుపెడితే దీపాలు పెట్టేదాకా ఆగేవి కావు. సిరుగుప్ప, దేశనూరు వైపు నుంచి వచ్చే చిల్లర వర్తకులు పదిరోజుల ముందు చెప్పుకుంటే గానీ వాళ్ళకు మా జీన్సు ప్యాంట్లు దొరికేవి కావు. అసలు ఈగ వాలడానికి కూడా ఆ గదిలో ఖాళీ లేదు.

మారిషస్ మాట మాకు తాయప్ప వల్ల వచ్చింది. మా దగ్గర ఆరేళ్ళు కటింగ్ మాస్టరుగా చేసిన మనిషి అతను. రెండేళ్ళ కిందట అక్కడికి పోయి ఒక బట్టల ఫ్యాక్టరీలో చేరాడు. కిందటేడు ఉత్తరం రాశాడు. ఫ్యాక్టరీ పక్కనే ఇరవై మిషన్లున్న షెడ్డు ఖాళీ కాబోతోందట. దాని యజమాని ముసలాయన, ఎప్పుడో తాతల కాలంలో పోయిన తెలుగువాళ్ళ మనవడు. జీన్సు పని తెలిసిన మనవాళ్ళు వస్తే వాళ్ళకే ఇస్తాననీ, తొంభై రెండు ఆగస్టు ఒకటో తేదీ దాకా ఆగుతాననీ, ఆపైన ఒక్క రోజు కూడా ఆగలేననీ చెప్పాడట.

మా మామగారు వీరభద్రయ్య గారిది బట్టల అంగడి, ఆయనకు కొడుకులు ముగ్గురు. గురురాజ నడిమివాడు. అంగట్లో పెద్దవాడి మాట చెల్లుతుంది, చిన్నవాడి ముద్దు చెల్లుతుంది, నడిమివాడికి విప్పిన గుడ్డలు మడతపెట్టే పని మిగులుతుంది. వెనక గదిలో మేము మొదలుపెట్టిన ప్యాంట్లు కూడా అంగడి పేరుమీదే పోయేవి. తన పేరు రాసి ఉన్న బోర్డు కింద ఒక్కరోజైనా కూర్చోవాలని గురురాజకు ఎంత ఆశో నాకు తెలుసు. ఆ షెడ్డుకు పెట్టబోయే బోర్డును కాగితం మీద రంగు పెన్సిళ్ళతో గీసి, పంచాంగంలో దాచుకున్నాడు కూడా.

మేము మొదలుపెట్టిన ప్యాంట్లు అన్నాను గానీ, కోత నాది. పెళ్ళైన కొత్తలో బొంబాయి నుంచి వచ్చిన జీన్సు ప్యాంటు ఒకటి తీసుకుని కుట్లన్నీ విప్పి, ముక్కలు వంటింటి నేలమీద పరిచి, అట్టలమీద గీసుకుని నేర్చుకున్నాను. తాయప్పకు నేర్పింది నేనే. మగవాళ్ళు అంగడికి పోయాక కోత మొదలుపెట్టి, మధ్యాహ్నం వాళ్ళు భోజనానికి వచ్చేలోపు నేల ఊడ్చేసేదాన్ని. అందరూ దాన్ని తాయప్ప కోత అనుకునేవాళ్ళు. తాయప్ప పోయాక గురురాజ కోత అనుకున్నారు. నేనెప్పుడూ కాదనలేదు. కాదనాలని తోచలేదు కూడా.

ఇక మా బజారు సంగతి చెప్పాలి. బ్రూస్‌పేటలో పొద్దున అంగళ్ళు తెరిచేటప్పుడు ఒకరినొకరు పలకరించుకునే మాట ఒకటే, వ్యాపారం ఎట్లుండాదప్పా అని. జవాబూ ఒకటే. ఏముండాదప్పా, సుమ్మనే కూర్చోనుండాం, అంటే బేరాల్లేక ఊరికే కూర్చున్నామని. దీపావళి ముందురోజు, జనం ఒకరినొకరు తోసుకుంటూ గుడ్డలు లాక్కుంటున్నప్పుడు కూడా మామగారు కత్తెర చేత్తో పట్టుకుని ఈ జవాబే చెప్పడం నేను నా చెవులతో విన్నాను. బాగుందంటే దిష్టి తగులుతుంది, పన్నుల ఆఫీసరు వస్తాడు, చుట్టాలు వస్తారు, ఎదురు అంగడివాడికి కడుపు మండుతుంది. ఇది అబద్ధమని ఎవరూ అనుకోరు. ఎదుటివాడు నమస్కారం పెడితే మనమూ పెడతాం కదా, అలాంటిదే.

గురురాజ పాపం ఆ బొంబాయి ఆఫీసరుకు నమస్కారమే పెట్టాడు. ఆయన దాన్ని రాసుకున్నాడు.

కాగితం కింద ఇంకో రెండు మాటలున్నాయి. మూడు నెలల తర్వాత మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఈసారి వ్యాపారంలో పేరున్న ఇద్దరూ రావాలి. మా మిషన్ల కాగితాల్లో గురురాజతో పాటు నా పేరు కూడా ఉంది. పన్నులు చూసే ఆయన పెట్టమంటే పెట్టిన పేరు అది. పాస్‌పోర్టులు ఇద్దరికీ ముందే వచ్చాయి. నేను వేళ్ళమీద లెక్కపెట్టాను. జూలై మూడో వారంలో పిలుపు వస్తే ఆగస్టు ఒకటికి పదిరోజులు మిగులుతాయి.

మళ్ళీ పోదామన్నాను. మళ్ళీ పోయినా నా నోటికి అదే వస్తుందన్నాడు గురురాజ, తల పట్టుకుని. అది నిజమే. పుట్టినప్పటి నుంచి విన్న మాట నాలుక మీద నుంచి అంత సులువుగా పోదు.

"నేను నేర్పిస్తా" అన్నాను.

మర్నాటి నుంచే పాఠం మొదలైంది. బళ్ళారి ఎండకు వెనక గది రేకుల కప్పు పేలాలు వేయించే పెనం లాగా ఉండేది. ఆ గదిలో నేను స్టూలు మీద ఆఫీసరుగా కూర్చునేదాన్ని, ఆయన నా ముందు చేతులు కట్టుకుని నిలబడేవాడు. ఆఫీసరుగా ఉన్నంతసేపూ మొగుణ్ణి నువ్వు అనొచ్చు. అలాంటి అవకాశం నాకు మళ్ళీ రాదని తెలిసి, దాన్ని బాగానే వాడుకున్నాను. సంగనకల్లు నుంచి రోజూ కుట్టుపనికి వచ్చే దుర్గక్క, మిగతా ఆడవాళ్ళూ మిషన్లు ఆపి మరీ చూసేవాళ్ళు.

వ్యాపారం ఎట్లుండాదని నేను అడిగితే పర్వాలేదు సార్ అనేవాడు. పర్వాలేదంటే ఏందని గద్దిస్తే దేవుని దయ సార్ అనేవాడు. దేవుణ్ణి ఇందులోకి లాగొద్దంటే చెమటలు తుడుచుకునేవాడు. చివరికి దుర్గక్కకే జాలి వేసింది.

"అమ్మా, ఆయప్పకి మాట ఉండాది, గొంతులో అడ్డం పడిండాది" అంది. "ఈడ మన ముందర చెప్తే పోదు. బజార్లో చెప్పమను."

ఆ మాట నాకు నచ్చింది. రోజుకు ఒక్కరికైనా నిజం చెప్పి రావాలని షరతు పెట్టాను. మూడు రోజులు ఆయన ఎవరి కంటా పడకుండా తప్పించుకు తిరిగాడు. నాలుగో రోజు పొద్దున ఎదురుగా ఉన్న పాత్రల అంగడి బసవరాజు తాళం తీస్తూ అలవాటుగా అడిగాడు. గురురాజ గట్టిగా ఊపిరి పీల్చుకుని, "బాగుండాది బసవరాజప్పా. నిన్న ఒక్కనాడే అరవై ప్యాంట్లు పోయినాయి" అన్నాడు. బసవరాజు ఆ తాళాన్ని అట్లాగే వదిలేసి, దగ్గరకొచ్చి, ఒళ్ళు బాగుండాదా అని అడిగాడట.

నేను ఒకటి మరిచిపోయాను. మా బజార్లో వ్యాపారం బాగుందని ఎవడూ చెప్పడు కాబట్టి, చెప్పినవాడు దివాలా తీయబోతున్నాడని అర్థం. మునిగిపోయే ముందు పరువు కోసం గొప్పలు పోతున్నాడని లెక్క. మధ్యాహ్నానికల్లా బ్రూస్‌పేట అంతా పాకింది. జీన్సు గుడ్డ పంపే ఆసామి తన మనిషిని పంపి, ఇంట్లో ఇంకా ఎన్ని తానులు మిగిలాయో చూసి రమ్మన్నాడు. సాయంత్రం ఇద్దరు చుట్టాలొచ్చి మామగారి పక్కన కూర్చుని, ఏం కాదులే, ధైర్యంగా ఉండు అని ఓదార్చి పోయారు.

వాళ్ళు గడప దాటాక మామగారు కొడుకును పిలిచారు. ఆయన గొంతు పెంచే మనిషి కాదు. ఆ రోజూ పెంచలేదు.

"యాభై ఏండ్లు నేను ఆ మాట అనలేదు. మా నాయన అనలేదు. అంగడి నిలబడిండాది" అన్నారు. "బాగుండాదని చెప్పుకోవాలనుకునేవాడు నా అంగట్లో కూర్చోవద్దు. బయట నిలబడి చెప్పుకో."

"అట్లే నాయనా" అన్నాడు గురురాజ.

అత్త లక్ష్మీకాంతమ్మ ఎండుమిరపకాయలు తెచ్చి కొడుకు చుట్టూ తిప్పి పొయ్యిలో వేసింది. ఇల్లంతా దగ్గులు. నాకు మాత్రం భయం వేసింది. నా పాఠం వల్ల ఆయన కూర్చునే చోటు కూడా పోయింది. ఆ మర్నాటి నుంచి అంగడికి పోకుండా వెనక గదిలో కూర్చుని ప్యాంట్లకు బొత్తాలు వేయడం మొదలుపెట్టాడు. తప్పు నాదేనని ఒకసారి అన్నాను. అంగట్లో మడతపెట్టినా గుడ్డే, ఈడ బొత్తాం వేసినా గుడ్డే కదా, సుమ్మనే ఉండు అన్నాడు. ఇక ఆ షెడ్డు తప్ప మాకు వేరే దారి లేదని ఇద్దరికీ తెలుసు. ఆ రోజు నుంచి పాఠానికి ఆయనే ముందు వచ్చి నిలబడేవాడు. జూన్ అయ్యేసరికి, అడిగితే చాలు, తడబడకుండా చెప్పడం వచ్చేసింది.

పిలుపు జూలై ఇరవైకి వచ్చింది. గుంతకల్లులో బొంబాయి మెయిలు ఎక్కాం. నేను రాయచూరు దాటి పోవడం అదే మొదలు. బొంబాయిలో దిగేసరికి వాన. చీర కుచ్చిళ్ళు మోకాళ్ళ దాకా తడిశాయి. ఆ వీసా ఆఫీసు మెట్లెక్కి, బెంచీ మీద కూర్చుని కొంగు పిండుకున్నాను. గురురాజ పెదవులు కదులుతున్నాయి. దేవుణ్ణి తలుచుకుంటున్నాడో, పాఠం వల్లెవేస్తున్నాడో నేను అడగలేదు.

ఆఫీసరు యాభై ఏళ్ళ మనిషి, హిందీలో మాట్లాడాడు. మాది బళ్ళారి సంతల్లో నేర్చుకున్న తురక మాట. అయినా ఒకరి మాట ఒకరికి తెలిసింది. మొదటి ప్రశ్న మేము అనుకున్నదే. గురురాజ నిటారుగా కూర్చుని, బాగుంది సార్, చాలా బాగుంది అని, మిషన్లు ఎన్ని, రోజుకు ఎన్ని ప్యాంట్లు, ఎవరెవరు కొంటారు, అన్నీ గడగడా చెప్పాడు. నాకు ఎంత గర్వంగా అనిపించిందో చెప్పలేను.

ఆఫీసరు పాత కాగితం తీసి కొత్త కాగితం పక్కన పెట్టుకున్నాడు. మూడు నెలల కింద ఈగలు, ఇప్పుడు అరవై ప్యాంట్లు, ఇందులో ఏది నమ్మాలి అన్నాడు. గురురాజ మా బజారు పద్ధతి చెప్పాడు. ఆయన నవ్వలేదు. సరే, జీన్సు గుడ్డ ఉతికితే ఎంత తగ్గుతుంది, దానికి కోతలో ఎంత వదులుతారు అని అడిగాడు. ఈ ప్రశ్న మా పాఠంలో లేదు. గురురాజ నా వైపు చూశాడు. ఆఫీసరూ నా వైపు చూసి, మీరు ఏం చేస్తుంటారమ్మా అని అడిగాడు.

"నేనేం చేస్తా సార్, ఇంట్లో ఉంటా" అన్నాను. "వంట చేసుకుంటా. తీరిక ఉంటే ఆయనకి చేయి సాయం, అంతే."

ఆలోచించి అన్న మాట కాదు. మర్యాదగా, తల వంచుకుని, కొంచెం నవ్వుతూ కూడా అన్నాను. మూడు నెలలు మొగుడికి పాఠం చెప్పిన నోరే అది. ఆఫీసరు రెండు కాగితాలూ కలిపి ఫైల్లో పెట్టి పెన్ను మూత బిగించాడు. ఏం చేశానో నాకప్పుడు తెలిసింది.

గురురాజ కుర్చీలోంచి లేచాడు.

"ఆమె చెప్పింది నిజం కాదు సార్" అన్నాడు. "కోత ఆమెది. తాయప్పకి నేర్పింది ఆమె. నాకు కత్తెర పట్టుకునేది కూడా రాదు. నేను అమ్ముతా, అంతే. ఈ మాట నేను మా నాయనకి చెప్పలేదు, బజార్లో చెప్పలేదు. మీకు చెప్తాండా."

చివరికొచ్చేసరికి హిందీ వదిలేసి తెలుగులోనే చెప్పాడు. పక్క బల్లల వాళ్ళు తిరిగి చూశారు. పెళ్ళైన తొమ్మిదేళ్ళలో ఆ మాట ఆయన నోట నేను వినలేదు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సంతోషమూ ఉంది, సిగ్గూ ఉంది. ఆయన మాటల్ని నేనే హిందీలోకి మార్చి చెప్పాల్సి వచ్చింది. నన్ను గురించి అన్న మాటల్ని నా నోటితో చెప్పడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. అన్నాళ్ళు ఆయనకు ఎందుకు గొంతు పెగల్లేదో కూడా తెలిసింది.

చెప్పి ఊరుకుంటే చాలదనిపించింది. ఒక పాత పేపరు, ఒక పెన్సిలు ఇప్పించమన్నాను. బల్లమీద నాకు చేతకాదు, కోత ఎప్పుడూ నేలమీదే. ఆ ఆఫీసు నేలమీద కూర్చుని పేపరు పరిచి గీయడం మొదలుపెట్టాను. ముందు భాగం, వెనక భాగం, జేబులు, నడుం పట్టీ. గీస్తూనే చెప్పాను.

"ఎంత తగ్గుతుందని అడిగినారు గదా సార్. గుడ్డ గుడ్డకీ వేరే. అందుకే కొత్త తాను వస్తే ముందు మూరెడు ముక్క కోసి, వేడినీళ్ళలో నానబెట్టి, ఆరబెట్టి కొలుస్తా. ఎంత తగ్గితే అంత అట్టలో కలుపుతా. మీరు ఏ గుడ్డ తెచ్చినా అట్లే చేస్తా."

రెండు కాళ్ళ ముక్కల మధ్య మిగిలిన సందులో జేబులు ఎలా ఇరికిస్తానో చూపించాను. ఆఫీసరు కుర్చీ జరిపి, వంగి చూశాడు. అవతలి బల్ల ఆయన కూడా వచ్చి నిలబడ్డాడు. చివరికి పేపర్లో ఖాళీగా మిగిలింది బెత్తెడు.

ఆఫీసరు పెన్ను మూత మళ్ళీ తీశాడు. పని తెలిసినవాళ్ళకైతే వీసా ఇస్తానన్నాడు. కానీ దరఖాస్తు మార్చాలి. వ్యాపారం నా పేరుమీద ఉంటుంది. గురురాజ నా భర్తగా వెంట రావచ్చు గానీ, అక్కడ యజమానిగా ఆయన పేరు ఎక్కడా ఉండదు. ఆలోచించుకుని రేపు రండి అన్నాడు.

నేను గురురాజ ముఖం చూడలేకపోయాను. పంచాంగంలో దాచుకున్న బోర్డు సంగతి నాకు తెలుసు కదా. వద్దని చెప్దామని నోరు తెరిచాను.

"రేపు ఎందుకు సార్, ఈపొద్దే రాసుకోండి" అన్నాడు గురురాజ. కొత్త కాగితం తెచ్చి నా ముందు పెట్టి, సంతకం యాడ పెట్టాలో వేలితో చూపించాడు.

మూడోరోజు బళ్ళారిలో దిగగానే ఇంటికి రాకుండా నేరుగా అంగడికి పోయాడు గురురాజ. లోపలికి పోలేదు. బయట మెట్టు మీద నిలబడి, గిరాకీకి వచ్చినవాళ్ళందరూ వింటుండగా, వీసా రాజలక్ష్మి పేరున వచ్చింది నాయనా, కోత మొదట్నుంచీ ఆమెదే, నేను ఆమె మొగుడిగా పోతాండా అని చెప్పి వచ్చాడట. మామగారు గుడ్డ కొలుస్తున్నారు. విన్నాక కొలత మళ్ళీ మొదటి నుంచి పెట్టుకున్నారట.

ప్రయాణం ఇరవై ఎనిమిదికి. అప్పటికి ఐదు రోజులే ఉన్నాయి. రెండోరోజు మధ్యాహ్నం నేను వెనక గదిలో దుర్గక్కకు అట్టలు అప్పగిస్తున్నాను. మామగారు గుమ్మంలోకి వచ్చారు. మిషన్లు పెట్టిన నాటి నుంచి ఆయన ఆ గదిలో అడుగుపెట్టలేదు. నాతో నేరుగా మాట్లాడిందీ తక్కువే, ఏది కావాలన్నా అత్తతో చెప్పించేవారు. ఆడవాళ్ళంతా మిషన్లు ఆపి లేచి నిలబడ్డారు.

కోసిపెట్టిన ముక్క ఒకటి తీసుకుని అంచు వెంట వేలు నడిపించారు. యాభై ఏళ్ళు గుడ్డ పట్టుకున్న చేయి అది.

"ఇవన్నీ నువ్వు కోసినవేనామ్మా?"

"అవును మామా."

"తాయప్ప పోయినా కోత చెడలేదే అని నేను చానాసార్లు అనుకుంటి. నువ్వెందుకు చెప్పలేదు?"

మీరు అడగలేదు మామా అని నాలుక చివరిదాకా వచ్చింది. కానీ అది పూర్తి నిజం కాదు.

"చెప్పుకునేంత పని అని నేనూ అనుకోలేదు మామా" అన్నాను.

ఆయన ఆ ముక్కను జాగ్రత్తగా మిగతావాటి మీద పెట్టి, గోడకు ఆనుకుని నేలమీదే కూర్చున్నారు. ఆయన కిందకు వంగి కూర్చోవడానికి చాలాసేపు పట్టింది. దుర్గక్క చేయి అందించబోతే వద్దన్నారు.

"బొంబాయిలో ఎవరో తెలీనోనికి చెప్తివంట గదా" అన్నారు. "నాకూ చెప్పు. మొదట్నుంచి చెప్పు."

నేను ఎదురుగా కూర్చున్నాను. వంటింట్లో విప్పిన మొదటి ప్యాంటు దగ్గర మొదలుపెట్టి అంతా చెప్పాను. ఏదీ తగ్గించలేదు.